మంచం పిన్ని మెడలో టేపు

ఆ రోజు ఆవిడ చేసిన తప్పల్లా ఒకటే. మెడలో టేపు తీసి గోడకు తగిలించకుండా ఇంట్లోంచి బయల్దేరింది.

కుట్టుపని చేసే మనిషి మెడలో టేపు ఉండడం వింతేమీ కాదు. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే ముఖం కడుక్కోవడం, టేపు మెడలో వేసుకోవడం ఆవిడకు ఒకదాని వెంట ఒకటి జరిగిపోయే పనులు. బేకరీవాళ్ళింటి కిటికీలకు పరదాలు కుట్టమంటే కుట్టింది. వాటిని మడిచి సంచిలో పెట్టుకుని, రెండు వీధులు నడిచి వెళ్ళి వాళ్ళ తలుపు తట్టింది. తలుపు తీసిన కోడలు సంచి చూడలేదు, సంచి పట్టుకున్న మనిషినీ చూడలేదు. మెడలో టేపు చూసింది. చూసి, తీసిన తలుపును మళ్ళీ సగానికి మూసింది.

"పిన్నీ, మేమెవరమూ నీకు కబురు చెయ్యలేదే!"

"పరదాలు తెచ్చానమ్మా. నువ్వే కదా కుట్టమన్నావు."

కోడలు ఊపిరి పీల్చుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. లోపలి గదిలో, గుమ్మానికి ఎదురుగా వేసిన మంచం మీద బేకరీ ఆయన తల్లి పడుకుని ఉంది. ఎనభై రెండేళ్ళ మనిషి. పది రోజుల కిందట స్నానాల గదిలో జారిపడింది. ఎముక విరగలేదు, రెండు వారాలు కదలకుండా పడుకుంటే చాలని డాక్టరు చెప్పాడు. కాలు కదలకపోయినా ఆవిడ కళ్ళు మాత్రం బాగానే కదులుతాయి.

"వచ్చిందా? మంచం పిన్నేనా? లోపలికి రమ్మనవే. తలుపు ఎంత వెడల్పుందో కొలుచుకోమను. నా దగ్గర దాస్తారెందుకు?" అని గట్టిగా అరిచింది.

పిన్ని పరదాల సంచి గుమ్మం దగ్గరే పెట్టేసి వచ్చేసింది. తన ఇల్లు చేరేదాకా ఆవిడ చెయ్యి మెడలోని టేపును పట్టుకునే ఉంది.

ఇక్కడ కాస్త ఆగి ఆ మంచం సంగతి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట పిన్ని భర్తకు వెన్నులో జబ్బు చేసింది. బస్సు డ్రైవరు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు ఆసుపత్రిలో. ఇంట్లో ఉన్నదేమో మామూలు చెక్క మంచం. తల ఎత్తుగా ఉంటే తప్ప ఆయనకు ఊపిరాడదు. నాలుగు దిండ్లు పెడితే కిందికి జారిపోతాడు. సరిగ్గా అప్పుడే ఎక్కడో ఒక చిన్న నర్సింగ్ హోమ్ మూతపడి సామాను అమ్మేస్తున్నారని తెలిసింది. వీధిలోవాళ్ళు తలా ఇంత వేసుకుని, హ్యాండిల్ తిప్పితే తలవైపు పైకి లేచే ఇనప మంచం ఒకటి కొన్నారు. ఎన్నికల రోజులు. ఈ పార్టీవాడు ఎదురైతే ఆ పార్టీవాడు ముఖం తిప్పుకునే కాలం. అయినా ఆ రోజు మంచం మోసుకొచ్చిన నలుగురిలో ఎవరు ఎటువైపో ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

పడుకోబెట్టాక ఆయన కళ్ళు తెరిచి, "ఎవరిది ఈ మంచం?" అని అడిగాడు.

"మనదే" అంది ఆవిడ.

"మనకెక్కడిది?"

"వీధిలో అందరిదీ. అంటే మనదే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చాలా రోజుల తరవాత ఆ పూట కునుకు తీశాడు.

డెబ్బై రోజులు ఉన్నాడు దాని మీద. ఆయన పోయిన వారానికే ఎదురింటి పెద్దావిడకు ఒక పక్క పడిపోయింది. పిన్ని మంచం కడిగి, ఎండబెట్టి, మరుదులను కేకేసి, తనూ ఒక కాలు పట్టుకుని ఎదురింటికి మోసింది. మోసి చేతులు దులుపుకుని వచ్చెయ్యలేదు. ఒక పూటంతా అక్కడే ఉంది. హ్యాండిల్ మూడు చుట్లు ముందుకు తిప్పి అర చుట్టు వెనక్కి తిప్పాలి, లేకపోతే పట్టేస్తుంది. మనిషి కింద మడత దుప్పటి వెయ్యాలి, పైకి జరపాలంటే మనిషిని కాదు, ఆ దుప్పటిని లాగాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. డెబ్బై రోజుల్లో తను ఏడ్చి నేర్చుకున్నదంతా వాళ్ళు ఏడవక్కర్లేకుండా నేర్పింది.

అలా మొదలైంది. ఎవరూ కూర్చుని రాసుకోలేదు కానీ రాసుకున్నదానికన్నా గట్టిగా నిలబడిపోయింది. ఏ ఇంట్లో మంచం పని ముగిస్తే ఆ ఇంటివాళ్ళే దాన్ని తరవాతి ఇంటికి మొయ్యాలి. మోసి, తమకు తెలిసింది వాళ్ళకు నేర్పి రావాలి. మంచం మీద పేరు రాయకూడదు, ఫొటోలు తియ్యకూడదు, మీరెవరికి ఓటేస్తారని అడగకూడదు. ఇవి మాత్రం పిన్ని తనంతట తను పెట్టిన షరతులు. జాబితా రాసుకోవడం ఆవిడ పని. మంచం పంపేముందు వెళ్ళి గుమ్మం కొలవడం కూడా ఆవిడ పనే. మొదట్లో ఒకసారి కొలవకుండా పంపితే అది గుమ్మంలో ఇరుక్కుపోయింది. రోగి లోపల, ఇంటివాళ్ళు బయట, మధ్యలో మంచం. వడ్రంగి వచ్చి ద్వారబంధం ఊడదీసేదాకా ఆ మధ్యాహ్నం వీధంతా తిన్న తిండి అరగలేదు. ఆనాటి నుంచి టేపు లేకుండా ఆవిడ ఎవరింటికీ మంచం పంపలేదు.

కొలవడానికి వేరే టేపు ఎక్కడిది? గౌన్లు కొలిచేదే.

ఇరవై మూడిళ్ళు తిరిగింది మంచం. నలుగురు లేచి నడిచారు. కానీ లేచి నడిచినవాళ్ళను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? టేపు వేసుకుని పిన్ని ఒక ఇంటికి వెళ్ళిందంటే ఆ ఇంట్లో మందులు పనిచెయ్యడం మానేశాయన్నమాట, అని వీధులు తీర్మానించుకున్నాయి. ముందు పెళ్ళిబట్టలు కుట్టించుకోవడం మానేశారు. తరవాత చంటిపిల్లల గౌన్లు. ఎవరూ మొహం మీద చెప్పలేదు. ఈసారి రెడీమేడ్ కొన్నాం పిన్నీ అన్నారు. చివరికి ఆవిడకు మిగిలినవి పరదాలు, దిండుగలీబులు, స్కూలు సంచులు. మనిషిని తాకకుండా కొలవగలిగేవి.

అన్నిటికన్నా కష్టమైన సంగతి ఇంకొకటుంది. మంచం తీసుకున్నవాళ్ళే, పూటలకు పూటలు ఆవిడ పక్కన కూర్చుని రోగిని తిప్పడం నేర్చుకున్నవాళ్ళే, పని అయిపోయాక ఆవిడ ఎదురైతే వీధి దాటి అవతలి పక్కకు వెళ్ళిపోతారు. కోపం కాదు, మరిచిపోవడమూ కాదు. ఆవిడ ముఖం చూస్తే మంచం గుర్తొస్తుంది, మంచం గుర్తొస్తే దాని మీది మనిషి గుర్తొస్తాడు. పిన్నికి ఇది అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఆదివారాలు పొట్టివైపోవు కదా. వచ్చేవాళ్ళ కోసమని ముందుగదిలో రెండు కుర్చీలు వేసి ఉంచింది. వాటి మీద ఎవరైనా కూర్చున్నారంటే వాళ్ళింట్లో ఎవరికో బాగాలేదనే అర్థం. బాగున్నవాళ్ళు ఆ గుమ్మం ఎక్కి ఎన్నేళ్ళయిందో ఆవిడ లెక్క వెయ్యడం మానేసింది.

పరదాలిచ్చి వచ్చిన మూడో రోజు బేకరీ ఆయన వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మ మూడు రోజుల్నుంచి ఏమీ తినడం లేదు పిన్నీ. పాలిస్తే మూతి బిగిస్తోంది. మంచం కూడా చెప్పేశారు, ఇంకా నాకు తిండెందుకు దండగ అంటోంది. డాక్టరు చేత చెప్పించాం. ఆయనకేం, అలాగే చెప్తాడు అంటోంది."

"నేనొచ్చి చెప్పనా నాయనా?"

"వద్దొద్దు. నువ్వు మళ్ళీ వస్తే ఇంకేమైనా ఉందా?" అన్నాడు. అన్నాక తనకే బాగాలేక గొంతు తగ్గించాడు. "నువ్వు చేసేది మంచి పనే, కాదన్నవాడి కళ్ళు పోతాయి. కానీ ఆ టేపొకటి మెడలో వేసుకుని ఊరంతా తిరగాలా చెప్పు? నిన్ను చూస్తే మనుషులకు గుండెలు జారిపోతున్నాయి. నీకు తెలుస్తోందా?"

ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండానే అతను వెళ్ళిపోయాడు.

పిన్ని ఒక కుర్చీలో కూర్చుని రెండో కుర్చీని చూస్తూ ఉండిపోయింది. ముందు సిగ్గేసింది. ఆ తరవాత ఒళ్ళు మండింది. తను ఎవరి ఇంట్లో నిప్పులు పోసింది? నడుములు పడిపోయేలా మోసి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పుళ్ళు కడిగి, తెచ్చుకున్నదేమిటి? ఒక ముసలమ్మ తనను చూసి అన్నం మానేసింది. మొగుడు పోయినప్పుడు ఆవిడ ఇంత ఒంటరిగా లేదు. అప్పుడు కనీసం జనం వచ్చి పోయేవారు. ఇప్పుడు మనసులో మాట దాచకుండా చెప్పాలంటే, ఆవిడకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఎవరైనా ఒకరు తన కోసం తలుపు తట్టాలి, మంచం కోసం కాదు. ఎవరైనా ఒక పిల్లను తెచ్చి, దీనికి గౌను కుట్టు పిన్నీ, కొలత తీసుకో, అనాలి.

ఆ సాయంత్రమే ఎలక్ట్రికల్ షాపాయన వచ్చాడు. ఈసారి ఎన్నికల్లో ఒక పార్టీకి ఆ వీధుల బాధ్యతంతా అతనిదే. ఇంతకు ముందు మంచం అడగడానికి రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్ళాడు.

"అయిదు కొత్త మంచాలు పిన్నీ, కరెంటువి. బటన్ నొక్కితే లేస్తాయి. మా ఆఫీసులో సేవాకేంద్రం పెడుతున్నాం. నీ పాత మంచం కూడా అక్కడే పెడదాం. ఎవరికి కావాలన్నా వచ్చి దరఖాస్తు పెట్టుకుంటారు. కాళ్ళవైపు చిన్న రేకు, దాని మీద మా నాయకుడి పేరు. అంతే. నువ్విక హాయిగా కూర్చో."

హాయిగా అన్న మాట ఆ రోజు ఆవిడకు మరోలా వినిపించింది.

"రేపు పదింటికి వ్యాను పంపు" అంది.

అతను ఇంకా సర్దిచెప్పడానికి ఊపిరి పీల్చుకుని ఉన్నాడు. ఆ ఊపిరితో ఏం చెయ్యాలో తెలియక నవ్వేసి వెళ్ళిపోయాడు.

మంచం అప్పుడు లెక్కల మాస్టారింట్లో ఉంది. ఆయన పోయి పది రోజులైంది. ఆయన కూతురు, పోస్టాఫీసులో గుమాస్తా, మర్నాడు పొద్దున మంచం తెస్తానని, పిన్నిని వెంటబెట్టుకుని తరవాతి ఇంటికి మోస్తానని ముందే చెప్పింది. అన్నట్టే తొమ్మిదిన్నరకు తమ్ముడితో, ఇద్దరు పక్కింటివాళ్ళతో మోసుకొచ్చి పిన్ని ఇంటి ముందు దించింది. పక్కింటివాళ్ళు డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయారు. మంచం శుభ్రంగా కడిగి ఉంది. దాని మీద ఎవరి పేరూ లేదు కానీ ప్రతి ఇల్లూ ఏదో ఒకటి వదిలివెళ్ళింది. హ్యాండిల్ చేతికి గుచ్చుకోకుండా ఎవరో గుడ్డ చుట్టారు. మాట పడిపోయినవాళ్ళు పిలవడానికి ఎవరో పక్క కమ్మీకి సైకిల్ గంట బిగించారు. తలవైపు ఇప్పుడు కొత్తగా ఒక తీగ కొక్కెం కనిపించింది.

"నాన్న కళ్ళజోడు తగిలించడానికి పెట్టాను" అంది గుమాస్తా. "తీసెయ్యనా పిన్నీ?"

"ఉండనీ. ఎవరికైనా పనికొస్తుంది" అంది పిన్ని అలవాటుగా. అన్నాక అసలు సంగతి గుర్తొచ్చింది.

అప్పటికే సైకిల్ షాపాయన వచ్చి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. జాబితాలో తరవాతి ఇల్లు అతనిదే. తండ్రి మూడు నెలలుగా కదల్లేడు. సైకిల్ షాపాయనది రెండో పార్టీ. వీధి గోడల మీద ఆ పార్టీ పోస్టర్లన్నీ అతను అంటించినవే. చేతికి ఇంకా జిగురు ఉంది.

పిన్ని ఇద్దరినీ చూసి, నేల చూసి, చెప్పేసింది. "మంచం ఇవాళ్టి నుంచి ఆఫీసుకు వెళ్తోంది. వ్యాను వస్తుంది. నీకు అక్కడ ఇస్తారు బాబూ. నేను చెప్తాను."

గుమాస్తా తన చేతులు చూసుకుంది. ఆ అరచేతుల్లో మంచం కమ్మీల గీతలు ఎర్రగా పడి ఉన్నాయి.

"మరి నేను ఎవరికి నేర్పను పిన్నీ? ఆఫీసులో జెండాకా? రాత్రంతా కూర్చుని గుర్తు చేసుకున్నాను, ఏమేం చెప్పాలో. మడమల కింద చిన్న దిండు పెట్టాలని నాకు ఎవరూ చెప్పలేదు, చివర్లో నేనే కనిపెట్టాను. అది చెప్పకుండా నేను ఇంటికి ఎలా వెళ్ళను?"

సైకిల్ షాపాయన గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళు ఇవ్వరని కాదు పిన్నీ. ఇస్తారు. మా నాన్నకైతే అందరికన్నా ముందే ఇస్తారు, ఫలానా పార్టీవాడి తండ్రికి కూడా ఇచ్చాం చూడండని. దానికి ఫొటో ఉంటుంది." అతను జిగురు చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మా నాన్న వీపంతా పుళ్ళు. చొక్కా తొడగలేకపోతున్నాం. నన్ను తప్ప ఎవర్నీ గదిలోకి రానివ్వడు, నా పెళ్ళాన్ని కూడా. అలాంటి మనిషిని ఎలా ఫొటో తియ్యనివ్వమంటావు? అంతకన్నా ఆ చాప మీదే ఉండనీ."

మా పార్టీ పరువు పోతుందని అతను అనలేదు. అని ఉంటే పిన్ని నాలుగు చీవాట్లు పెట్టి పంపేది. ఆవిడకు ఆ క్షణాన తన మొగుడు గుర్తొచ్చాడు. ఎవరిది ఈ మంచం అని అడిగినప్పుడు ఆయన కళ్ళలో ఉన్న భయం. తను ఎవరికి రుణపడాలో, ఎవరి ముందు తల వంచుకోవాలో అని. మనదే అన్నాక ఆ కళ్ళు మూతపడిన తీరు. ఆ ఒక్క మాట కోసమే కదా పదకొండేళ్ళు మోసింది. మనుషులు తనను చూసి వీధి దాటుతున్నారని ఆ మాటను వ్యానెక్కించి పంపేస్తుందా?

వ్యాను వచ్చింది. ఎలక్ట్రికల్ షాపాయన ముందు సీట్లోంచి దిగాడు; చేతిలో చుట్టిన బ్యానరు ఉంది. సైకిల్ షాపాయనను చూసి ముఖం గంటు పెట్టుకున్నాడు.

"బాబూ, నిన్న మాటిచ్చాను. ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాదే" అంది పిన్ని.

"ఏంటి పిన్నీ, ఆటలుగా ఉందా? అందరికీ చెప్పేశాను. వ్యాను కూడా వచ్చింది."

"నీ కొత్త మంచాలు తెప్పించు. అయిదు కాదు, పది తెప్పించు. జాబితా నేనే ఇస్తాను. ఇది మాత్రం ఇంటి నుంచి ఇంటికే వెళ్తుంది."

"పేరు రాస్తే ఏం పోయింది? ఇచ్చినవాడు ఇచ్చానని చెప్పుకోకూడదా?"

"చెప్పుకోవచ్చు నాయనా. కానీ పడుకున్నవాడు దాన్ని రోజూ చదువుకుంటూ ఉండాలి, అదీ నా బాధ." పిన్ని వంగి మంచం పక్క కమ్మీకి ఉన్న గంటను వేలితో నొక్కింది. ట్రింగుమంది. "ఇది ఎవరు పెట్టారో గుర్తుందా?"

గుర్తుంది. ఆరేళ్ళ కిందట ఎలక్ట్రికల్ షాపాయన అక్క ఈ మంచం మీదే ఉంది. మాట పడిపోతే అతనే సైకిల్ గంట కొనుక్కొచ్చి స్క్రూలు బిగించాడు. ఆవిడ గంట కొడితే షాపులోంచి పరుగెత్తుకొచ్చేవాడు. ఆ రోజుల్లో అతని షాపు మీద ఏ జెండా ఉందో పిన్ని అడగలేదు. అతను గంట వైపు చూసి, చూపు తిప్పుకుని, బ్యానరును వ్యాను సీట్లో పడేశాడు.

"ఎంతమంది ఉన్నారు మొయ్యడానికి?"

"ముగ్గురం" అన్నాడు గుమాస్తా తమ్ముడు.

"వీధి చివరిదాకా పడతాను. అంతే. ఎవడైనా ఫోన్ తీసి ఫొటో కొట్టాడో, ఊరుకోను."

తలవైపు సైకిల్ షాపాయన, ఎలక్ట్రికల్ షాపాయన. కాళ్ళవైపు అక్కా తమ్ముడూ. నిన్నటిదాకా గోడల మీద ఒకరి పోస్టర్ల మీద ఇంకొకరు పోస్టర్లు అంటించుకున్నవాళ్ళు, నీ వైపు కాస్త ఎత్తు, జాగ్రత్త, గుంట ఉంది, అని చెప్పుకుంటూ నడిచారు. వీధి చివరికి వచ్చినా ఎలక్ట్రికల్ షాపాయన దించలేదు. పిన్ని ముందు నడిచి వెళ్ళి గుమ్మం కొలిచింది. మూడడుగుల నాలుగంగుళాలు. మంచానికి అటో వేలు, ఇటో వేలు వదులు.

గుమాస్తా ముసలాయన గది బయట నిలబడి కొడుక్కి నేర్పడానికి ఉండిపోయింది. మడమల కింద దిండు సంగతి ఆవిడ చెబుతుంటే వీధిలోకి వినబడింది. ముసలాయన గొంతు కూడా సన్నగా వినబడింది: ఎవరిదిరా ఇది? కొడుకు ఏం చెప్పాడో వినబడలేదు. పిన్ని ఆగలేదు. రేపో ఎల్లుండో ఆ అమ్మాయి కూడా తనను చూసి వీధి దాటుతుందని ఆవిడకు తెలుసు. దాటనీ. ఆ పిల్ల తప్పు కాదది.

ఇంటికి వచ్చి టేపు తీసి మేకుకు తగిలించింది. మెడ బోసిపోయినట్టనిపించింది. జాబితా పుస్తకం ఒకటి చేతపట్టుకుని, బేకరీవాళ్ళింటికి నడిచింది. వద్దన్న ఇంటికి వెళ్ళడం ఎంత కష్టమో, ఆ రెండు వీధులూ ఆవిడ కాళ్ళను అడిగితే చెబుతాయి.

కోడలు ఈసారి తలుపు పూర్తిగా తీసింది. ఇక ఏం జరిగినా ఇంతకన్నా పాడవ్వదనే తెగింపు ఆ పిల్ల ముఖంలో ఉంది. లోపల మంచం పక్కన పాలగ్లాసు మీగడ కట్టి ఉంది. ముసలమ్మ పిన్నిని కిందినుంచి మీదికి చూసింది.

"టేపేది?"

"ఇంట్లో పెట్టి వచ్చానమ్మా."

"అంటే కొలవడం అయిపోయిందన్నమాట."

"కొలవలేదు. మంచం ఇందాకే సైకిల్ షాపాయన తండ్రికి ఇచ్చి వచ్చాం. నీకు మంచం ఎవరూ చెప్పలేదు. నమ్మకపోతే ఇదిగో, నా పుస్తకం." పిన్ని మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటే చదివింది. లాండ్రీ ఆయన అత్తగారు. ప్రెస్సులో పనిచేసే ఆయన. స్కూలు వాచ్‌మన్ భార్య. ముసలమ్మ చెవి ఇటు పెట్టి శ్రద్ధగా వింది.

"నేను లేనా?"

"లేవు."

"సరిగ్గా చూడు. ప్రెస్సువాడు నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు. వాణ్ణి రాసి నన్నెందుకు రాయలేదు?"

కోడలికి నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిన్నికి మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా దాచుకున్నది ఆ ముసలమ్మ ముందు బయటపడిపోయింది.

"ఆ రోజు నేను పరదాలివ్వడానికి వచ్చానమ్మా. నిన్ను కొలవడానికి కాదు. నేను కుట్టుపని మనిషిని. అది అందరూ మరిచిపోయారు. మనిషికి కొలత తీసి బట్ట కుట్టి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు?"

బయట ఎండ మండిపోతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది కానీ దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

"అయితే నాకో చలికోటు కుట్టు" అంది ముసలమ్మ.

"ఈ ఎండల్లో కోటేంటత్తయ్యా?" అంది కోడలు.

"ఇప్పుడే తొడుక్కుంటానన్నానా? చలికాలం రాదా ఏం? ఉన్ని బట్ట బీరువాలో అడుగున ఉంది, తియ్యి." పిన్ని వైపు తిరిగింది. "నువ్వెళ్ళి టేపు తెచ్చుకో. వేరేది కాదు. అదే తే."

పిన్ని వచ్చిన దారినే ఇంటికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఈసారి ఎంత త్వరగా నడిచిందో ఆవిడకే తెలియలేదు. వచ్చేసరికి ముసలమ్మ కోడలి భుజం పట్టుకుని లేచి నిలబడి ఉంది. రెండు వారాల తరవాత మొదటిసారి. మోకాళ్ళు వణుకుతున్నాయి కానీ గడ్డం పైకెత్తి ఉంది.

పిన్ని భుజం కొలిచింది. చెయ్యి పొడవు కొలిచింది. ఛాతీ చుట్టూ కొలవాలంటే రెండు చేతులూ మనిషి వెనక్కి పోనిచ్చి టేపు చుట్టి ముందుకు తేవాలి. అలాగే చేసింది. ముసలమ్మ తల ఆవిడ భుజానికి తగిలింది. పలచటి ఎముకల గూడు, లోపల గుండె టకటకా కొట్టుకుంటోంది. పిన్ని చేతులు ఒక మనిషి చుట్టూ పడి ఎన్నాళ్ళయిందో. టేపు రెండు కొసలూ కలిశాయి. ఆవిడ చేతులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. కళ్ళు మసకబారి అంకెలు కనబడలేదు.

"ఎంతొచ్చింది?" అంది ముసలమ్మ, భుజం మీదినుంచి.

"చూడలేదమ్మా. మళ్ళీ కొలవాలి."

"కొలువు. నాకేం తొందర లేదు." కాసేపాగి, "కాస్త వదులుగా కుట్టు. చలికాలానికి ఒళ్ళు చేస్తానేమో" అంది. తల కోడలి వైపు తిప్పి, "ఏమేవ్, ఆ పాలు కాస్త వెచ్చబెట్టి తీసుకురా" అంది.